ఫార్మలిన్‌లో ఉన్నదే కదా!

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సింగ్ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత పెథాలజీ ఆచార్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, ఇంత ఉక్కలో, బీచ్ రోడ్డుకు వెళ్లకుండా ఇక్కడికి వచ్చారు. చాలా సంతోషం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఉన్నాయి.

ముందుగా ఈ ట్రే చూడండి. ఇందులో రెండు ఫోర్సెప్స్, అంటే పట్టకార్లు, ఉన్నాయి. పొద్దున్న మా వంటింట్లో రెండింటినీ ఒకే కోడిగుడ్డు తెల్లసొనలో ముంచాను. ఒకదాన్ని కిటికీ దగ్గర ఎండలో పెట్టేశాను. రెండోదాన్ని తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత వేశాను. చివర్లో ఇద్దరు వచ్చి కడగాలి. ఎవరు వస్తారో ఈలోగా మీలో మీరే అనుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది జరిగి చాలా ఏళ్లయింది. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, చెప్పినా ఒరిగేదేమీ లేదు. ఒక మధ్యాహ్నం మా ల్యాబుకు చిన్న సీసా వచ్చింది. ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం ఫార్మలిన్‌లో శెనగగింజంత మెదడు ముక్క. కాగితం మీద రోగి వయసు, "మతిమరుపు, కారణం తెలియాలి" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. రోజూ వచ్చే వాటిలాగే బోర్డు మీద పెట్టి కోశాను, కేసెట్ అనే చిన్న ప్లాస్టిక్ పెట్టెలో వేశాను. బోర్డు, ఫోర్సెప్స్ మా అటెండర్ తీసుకెళ్లి సింకులో కడిగింది. ఆవిడను మేమంతా పిన్ని అని పిలిచేవాళ్లం. ఇరవై ఏళ్ల సర్వీసు. ఆవిడ కడిగిన సామాను మీద మరక వెతికినా దొరికేది కాదు.

సాయంత్రం వార్డు నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, ఆ కేసు సీజేడీ కావచ్చని అనుకుంటున్నాం. కాగితం మీద రాస్తే ఎవరూ ముట్టుకోరేమోనని రాయలేదు." నాకు కాళ్లలో వణుకు పుట్టింది. సింకు దగ్గరికి పరిగెత్తాను. ఫోర్సెప్స్ కిటికీ గట్టు మీద ఎండకు ఆరి తళతళలాడుతున్నాయి. పిన్ని నా మొహం చూసి అంది కదా, "ఏటి మేడమ్ అలాగున్నారు? ఫార్మలిన్‌లో ఉన్నదే కదా, ఈపాటికి సచ్చిపోయుంటాది కదా!"

ఆ మాటకు జవాబు చెప్పడానికే ఈ రోజు వచ్చాను. ఎందుకంటే పిన్ని ఒక్కతే కాదు, ఎంబీబీఎస్ చదివినవాళ్లలోనూ ఎక్కువమంది అలాగే అనుకుంటారు. మనకు నేర్పింది అదే. క్షయ క్రిమి అయినా, కామెర్ల వైరస్ అయినా, ఫార్మలిన్‌లో తగినంత సేపు నానితే పని అయిపోయినట్టే. కానీ సీజేడీ, అంటే క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి, క్రిమి వల్ల వచ్చేది కాదు. ప్రియాన్ వల్ల వస్తుంది. ప్రియాన్‌కు ప్రాణం లేదు. చావడానికి అందులో బతికున్నది ఏదీ లేదు.

ప్రియాన్ అంటే ఒక ప్రోటీన్. అదీ ఎక్కడి నుంచో ఊడిపడ్డది కాదు, మన నరాల కణాల మీద మామూలుగా ఉండేదే. చీర కుచ్చిళ్లు సరిగ్గా పడితే నడవడానికి ఎంత వీలుగా ఉంటుందో, ప్రోటీన్ మడతలు సరిగ్గా పడితే అది తన పని అంత చక్కగా చేస్తుంది. ఈ ప్రోటీన్ ఒక్కోసారి తప్పుగా మడత పడుతుంది. రేకుల్లా బల్లపరుపుగా మారి, ఒకదాన్నొకటి అంటుకుని గడ్డ కడుతుంది. అంతటితో ఆగదు. పక్కనున్న మంచి ప్రోటీన్‌ను కూడా తనలాగే మడత పెడుతుంది. చెంచాడు పెరుగు తోడు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పాలూ తోడుకున్నట్టు. పెరుగులో బతికున్న సూక్ష్మజీవులు ఉంటాయి, ఇక్కడ అదీ లేదు. కాబట్టి ఈ పోలికను ఒక్క విషయానికే తీసుకోండి: చాలా కొంచెం చాలు, మిగతాదాన్నంతా తనలా చేసుకుంటుంది. తోడుకున్నది మళ్లీ పాలు కాదు.

ప్రోటీన్ ఒక్కటే రోగం తెస్తుందంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. గొర్రెలకు స్క్రేపీ అని ఒక జబ్బు ఉంది, యూరప్ రైతులకు 18వ శతాబ్దం నుంచే తెలుసు. గొర్రె ఒళ్లంతా కంచెకేసి రుద్దుకుంటూ, తూలుతూ చచ్చిపోతుంది. లండన్‌లో టిక్వా ఆల్పర్ అనే శాస్త్రవేత్త స్క్రేపీ సోకిన మెదడు పదార్థం మీద రేడియేషన్ ప్రయోగాలు చేశారు. వైరస్‌ల జన్యు పదార్థాన్ని తునాతునకలు చేసే రేడియేషన్ దీన్ని ఏమీ చేయలేకపోయింది. అయితే ఇందులో జన్యు పదార్థమే లేదేమో అని 1967లో ఆవిడ, సహచరులు ప్రశ్న లేవనెత్తారు. 1982లో అమెరికాలో స్టాన్లీ ప్రూసినర్ దానికి ప్రియాన్ అని పేరు పెట్టారు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. మధ్యలో ఆయన పడ్డ మాటలు, జరిగిన వాదాలు పెద్ద కథ, ఇప్పుడు వద్దు.

మనకు కావలసింది ఫార్మలిన్ సంగతి. ఫార్మలిన్ ఏం చేస్తుంది? పక్కపక్కన ఉన్న ప్రోటీన్ల మధ్య వంతెనలు కడుతుంది. అందుకే ముక్క గట్టిపడి కుళ్లకుండా ఉంటుంది, మనం పల్చగా కోసి స్లైడు చేయగలుగుతాం. క్రిమికి ఆ వంతెనలు పడితే దాని బతుకు ఆగిపోతుంది. ప్రియాన్ బలమంతా దాని మడతలోనే ఉంది. ఫార్మలిన్ ఆ మడతను విప్పదు సరికదా, ఉన్నది ఉన్నట్టుగా బిగించేస్తుంది. మనం చంపుతున్నాం అనుకుంటూ దానికి కవచం తొడుగుతున్నాం.

ఇది ఎక్కడో పుస్తకంలో ఊహ కాదు. 1930లలో స్కాట్లాండ్‌లో గొర్రెలకు లూపింగ్ ఇల్ అనే జబ్బు రాకుండా టీకా చేశారు. గొర్రె మెదడు, వెన్నుపాము నూరి, ఫార్మలిన్ కలిపి నెలల తరబడి ఉంచి, వైరస్ చచ్చిందని నమ్మకం కుదిరాకే వాడారు. వైరస్ నిజంగానే చచ్చింది. కానీ సుమారు 18 వేల డోసులున్న ఒక విడతలో స్క్రేపీ ఉన్న గొర్రెల మెదడు కలిసింది. రెండేళ్లు గడిచాక టీకా వేసిన మందల్లో స్క్రేపీ మొదలైంది. రక్షణ కోసం పొడిచిన సూదే రోగం ఎక్కించింది. నేను క్లాసులో ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఆ గొర్రెల కాపరులు గుర్తొచ్చి మనసు చివుక్కుమనేది.

తర్వాత మనుషుల్లోనూ జరిగింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో మూర్ఛ ఉన్న ఇద్దరు యువ రోగులకు మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి పరీక్ష చేశారు. అవే ఎలక్ట్రోడ్లు అంతకుముందు ఒక సీజేడీ రోగికి వాడారు. ఊరికే తుడిచి వాడలేదు. 70 శాతం ఆల్కహాల్, ఫార్మాల్డిహైడ్ ఆవిరి పెట్టి శుద్ధి చేశారు. ఇద్దరికీ సీజేడీ వచ్చింది. 1977లో ఆ వివరాలు బయటికొచ్చాయి. ఆ ఎలక్ట్రోడ్లను ఆ తర్వాత కూడా చాలాసార్లు శుభ్రం చేశారు. రెండేళ్లకు పైగా గడిచాక ఒకదాన్ని చింపాంజీ మెదడులో పెట్టి చూస్తే దానికీ జబ్బు వచ్చింది. ఆల్కహాల్, ఫార్మలిన్, ఎండోస్కోపు గదుల్లో వాడే గ్లూటరాల్డిహైడ్, అతినీలలోహిత దీపం, ఇవేవీ ప్రియాన్ విషయంలో పనికిరావు. రాసుకుంటున్నవాళ్లు ఈ ఒక్కటీ తప్పకుండా రాసుకోండి.

మరి ఏది పనిచేస్తుంది? మడతను విప్పేసేది, లేకపోతే ప్రోటీన్‌నే ముక్కలు చేసేది కావాలి.

మొదటిది కాస్టిక్ సోడా. మన ఇళ్లలో డ్రైనేజీ పూడుకుపోతే పోసేదే. లీటరు నీటికి 40 గ్రాములు, అంటే ఒక నార్మల్ ద్రావణం. వస్తువు పూర్తిగా మునిగేలా గంట సేపు ఉంచాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, ఎందుకంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దాని బలం తగ్గిపోతుంది. నీళ్లలో కాస్టిక్ కొంచెం కొంచెంగా వేయాలి, గిన్నెకు బయట నుంచి చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది ఎంత వేడెక్కుతుందో. కాస్టిక్ మీద నీళ్లు గుమ్మరించారంటే మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని వద్దు. ఇంకో మాట. వార్డుల్లో సిల్వర్ బేసిన్లు అంటామే, అవి అల్యూమినియం. అందులో కాస్టిక్ పోశారంటే బుసబుసా పొంగి గిన్నెనే తినేస్తుంది. స్టీలో, గట్టి ప్లాస్టిక్కో వాడండి.

రెండోది హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. రోజూ వార్డులో కలిపే పల్చటి హైపో కాదు. 20 వేల పీపీఎం క్లోరిన్, అంటే రెండు శాతం ఉండాలి, అదీ గంట సేపు. మన ఊరి వేడికి హైపో క్యాన్ ఎంత త్వరగా చప్పబడిపోతుందో మీకు తెలియంది కాదు. మెట్ల కింద ఎండ తగిలేచోట నెలల తరబడి పడున్న క్యాన్ మీద లేబుల్ ఏం చెప్పినా నమ్మకండి. స్టీలు పరికరాలను హైపో కొరికేస్తుంది కూడా. హైపోలో ముంచినదాన్ని నీళ్లతో కడగకుండా ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో శుద్ధి చేసే యంత్రంలో, పెట్టకూడదు, హైపోలో ఏ ఆమ్లమూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది.

మూడోది ఆవిరి. రోజూ పెట్టే 121 డిగ్రీలు, పావుగంట దీనికి చాలదు. గాలిని ముందే లాగేసే రకం ఆటోక్లేవ్ అయితే 134 డిగ్రీల దగ్గర 18 నిమిషాలు అన్నారు, మామూలు రకమైతే 132 డిగ్రీల దగ్గర గంట. అది కూడా ఒక్కటే చాలదని అనుభవం నేర్పింది. అందుకే 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు రాసినప్పుడు రెండూ కలిపారు. ముందు కాస్టిక్‌లో గానీ హైపోలో గానీ గంట, తర్వాత నీళ్లలో కడిగి 121 డిగ్రీల దగ్గర గంట ఆవిరి, ఆ తర్వాతే మామూలు శుద్ధి. వాళ్ల మొదటి సలహా మాత్రం వేరే. వాడిన పరికరాన్ని మళ్లీ వాడకుండా కాల్చేయండి అని. ఖరీదైన న్యూరోసర్జరీ పరికరాన్ని ఎలా పారేస్తాం అని మన పరిపాలనా విభాగం వాళ్లు అడుగుతారు. ఆ పరికరం తర్వాత ఎవరి తలలోకి వెళ్తుందో వాళ్లను ఊహించుకోమని చెప్పండి.

ఇప్పుడు మన పెథాలజీ వాళ్ల అసలు చిక్కు. ముక్కను కాస్టిక్‌లో వేస్తే కరిగిపోతుంది, ఇక స్లైడులో చూసేదేముంది? ఆవిరి పెడదామా అంటే, ఫార్మలిన్ తగిలిన ముక్కలో ప్రియాన్ ఆవిరికి కూడా లొంగదు. 1988లో ఎడిన్‌బరోలో డేవిడ్ టేలర్ బృందం దీన్ని తేల్చి చెప్పింది. జబ్బును కనిపెట్టాలి, కనిపెట్టేవాడికి జబ్బు రాకూడదు. ఈ రెండూ కలవలేదు చాలాకాలం.

దారి చూపింది ఫార్మిక్ ఆమ్లం. గండుచీమ కుడితే మంట పుడుతుందే, ఆ ఆమ్లమే, కానీ చాలా గాఢంగా, 95 శాతం పైబడి. అమెరికాలో పాల్ బ్రౌన్, సహచరులు 1990లో చూపించారు. ఫార్మలిన్‌లో గట్టిపడ్డ ముక్కను 5 మిల్లీమీటర్లకు మించని మందంలో కోసి, ఈ ఆమ్లంలో గంట సేపు కదుపుతూ ఉంచి, తర్వాత కొత్త ఫార్మలిన్‌లో రెండు రోజులు ఉంచితే రోగం అంటించే శక్తి దాదాపు పూర్తిగా పోతుంది. కణాల రూపం మాత్రం చెడదు! ఆ స్లైడు నేను చూశాను. మెదడు పైపొరలో గుండ్రటి ఖాళీలు, ఒకదాని పక్కన ఒకటి, పాత్రలు తోమే స్పాంజిని కోసి చూస్తే ఉండేట్టు. ఆ ఖాళీల్లో ఒక మనిషి జ్ఞాపకాలు ఉండేవి కదా అనిపించి కాసేపు మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తాను. ఆమ్లం పట్టకముందే ముక్కను కోసిన చోట జాగ్రత్త తప్పితే లాభం లేదు కాబట్టి, ఇదంతా కాగితం మీద ముందే రాసి ఉంటేనే జరిగే పని. ఫార్మిక్ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేని చోట సీసా మూత కూడా తీయకండి. వాడిన ఆమ్లాన్ని, పాత ఫార్మలిన్‌ను, బోర్డు కడిగిన నీళ్లను సింకులోకి వదలకూడదు. పట్టి ఉంచాలి.

కాల్చడం గురించి అడుగుతారని తెలుసు. ఆ పాల్ బ్రౌనే సోకిన మెదడును 600 డిగ్రీల దగ్గర బూడిద చేశారు. ఆ బూడిద ఎక్కించిన జంతువుల్లో కొన్నింటికి జబ్బు వచ్చింది! 1,000 డిగ్రీల దగ్గర చేసిన బూడిదతో ఎవరికీ రాలేదు. మట్టిలో మూడేళ్లు పాతిపెట్టి తవ్వి చూసినా రోగశక్తి కొంత మిగిలే ఉంది. మన దేశంలో 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వ్యర్థాలను కాల్చే ఇన్సినరేటర్ మొదటి గదిలో కనీసం 800, రెండో గదిలో 1,050కి అటూ ఇటూ 50 డిగ్రీలు ఉండాలి. పసుపు సంచిలో వేసేది అందుకే. ఆ సంచిలో వేయాల్సింది ఎర్ర సంచిలో వేస్తే అది కాలదు, ప్లాస్టిక్‌గా మళ్లీ వాడకానికి పోతుంది. రంగు చూసి వేయడం అనేది ఇన్‌స్పెక్షన్ కోసం కాదమ్మా.

స్టీలు సంగతి కూడా చెప్పాలి. ప్రియాన్‌కు స్టీలంటే విడవని పట్టు. సోకిన మెదడుకు సన్నటి స్టీలు తీగను నిమిషాల సేపు తాకించి, కడిగి, ఎలుక మెదడులో పెడితే చాలు, జబ్బు వచ్చింది. ఇక ఆరిపోయిందంటే పట్టు మరీ గట్టిపడుతుంది. ఆమ్లెట్ వేసిన పెనం వెంటనే నీళ్లలో పెడితే ఒక తోముడుతో పోతుంది, రాత్రంతా ఆరనిస్తే పొద్దున్న గీకాలి. ఆపరేషన్ థియేటర్లో కేసు అయ్యాక పరికరాలు ఎంతసేపు ట్రేలో ఆరుతున్నాయో ఒకసారి గడియారం పెట్టి చూడండి. కడిగే లోపు తడిగా ఉంచడానికి ఖర్చు ఏముంది? ఒక తడిగుడ్డ, ఒక మూత.

భయపెట్టడానికి ఇవన్నీ చెప్పడం లేదు. ఇది అరుదైన జబ్బు, ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. 2011 లెక్కల్లోనే మన విశాఖ నగర జనాభా 17 లక్షలు దాటింది, కాబట్టి మనకు రానే రాదు అనుకోవడానికి లేదు. నెలల్లోనే మతి పోవడం, నడక తూలడం, ఉలిక్కిపడ్డట్టు ఒళ్లు అదరడం, చాలామంది ఏడాది తిరక్కుండానే పోవడం. మందు లేదు. ఇంట్లో వాళ్లకు ఆ బాధే కొండంత. దానికి తోడు చుట్టుపక్కల వాళ్లు గడప తొక్కడం మానేస్తే ఎలా? ముట్టుకుంటే రాదు. పక్కన పడుకుంటే రాదు. అన్నం తినిపిస్తే రాదు, దగ్గినా రాదు. బట్టలు, కంచాలు మామూలుగా కడుక్కోవచ్చు. ప్రమాదం ఉన్నది మెదడు, వెన్నుపాము, కంటి వెనక భాగం వంటి కణజాలంలో, అదీ కోసినప్పుడు, గుచ్చుకున్నప్పుడు. పోస్ట్‌మార్టం చేయని దేహానికి మన పద్ధతి ప్రకారం స్నానం చేయించి సాగనంపవచ్చు. చివరిసారి తల్లి పాదాలకు పసుపు రాయనివ్వకుండా కూతురిని ఆపిన సంగతి నేను విన్నాను. అది అన్యాయం. సైన్సు అలా చెప్పలేదు.

కానీ కోసేవాళ్లకు, కడిగేవాళ్లకు ప్రమాదం నిజం. ఫ్రాన్స్‌లో 2010లో ఒక యువ ల్యాబ్ ఉద్యోగిని, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, సోకిన ఎలుకల మెదడు ముక్కలతో పనిచేస్తుంటే ఫోర్సెప్స్ మొన బొటనవేలికి గుచ్చుకుంది. రెండు జతల గ్లవ్స్ వేసుకునే ఉంది. ఏడున్నరేళ్లు ఏమీ కాలేదు. తర్వాత భుజం, మెడ నొప్పితో మొదలై, 2019లో చనిపోయింది. లేటెక్స్ గ్లవ్స్ మొనను ఆపవు. కోయకుండా నిరోధించే గ్లవ్స్ వేరే ఉంటాయి, అవి అడగండి. ఇవ్వకపోతే మళ్లీ అడగండి.

మళ్లీ పిన్ని దగ్గరికి వస్తాను. ఆ సాయంత్రం ఆవిడను కూర్చోబెట్టి చేతులు చూశాను. ఎక్కడా గీత లేదు, దేవుడి దయ. ఫోర్సెప్స్‌ను, బ్లేడును, బోర్డును కాల్చడానికి పంపాం. సింకు నిండా కాస్టిక్ పోసి గంట ఉంచాం. అంతా అయ్యాక ఇప్పుడు మీకు చెప్పినదంతా ఆవిడకు చెప్పాను, తోడు పెరుగు పోలికతో సహా. శ్రద్ధగా విని అడిగింది: "ముందే సెప్పుంటే రెండు జతలు ఏసుకునీదాన్ని కదా మేడమ్. నాకెందుకు సెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. నాకూ చెప్పలేదు అనొచ్చు, కానీ నేను ఫోన్ చేసి అడిగి ఉండొచ్చు కదా. కాగితం మీద ఆ ఒక్క అనుమానం రాసి ఉంటే ఫార్మిక్ ఆమ్లం తెప్పించేదాన్ని, పాత బోర్డు వాడేదాన్ని, సింకు దగ్గరికి ఏదీ వెళ్లనిచ్చేదాన్ని కాదు. ముట్టుకోరేమో అని దాచారు. దాచడం వల్ల ఏమీ తెలియని మనిషి ఒట్టి గ్లవ్స్‌తో ముట్టుకుంది. డాక్టర్లు ఎవరైనా ఉంటే చేతులెత్తి అడుగుతున్నాను, అనుమానం ఉంటే ఎర్ర సిరాతో రాయండి. టెక్నీషియన్లూ, వివరం లేని మెదడు ముక్క వస్తే సీసా మూత తీయకండి, ముందు వార్డుకు ఫోన్ చేయండి. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వారం పట్టినా సరే. పిన్ని రిటైరై హాయిగా ఉంది, కిందటి సంక్రాంతికి అరిసెలు తెచ్చింది. కనిపించినప్పుడల్లా ఆవిడ చేతుల వైపే నా చూపు పోతుంది.

సరే, ఇప్పుడు ట్రే. ఎవరు వస్తారు? నువ్వు రా తల్లీ, నువ్వూ రా నాయనా. గ్లవ్స్ వేసుకుని, ఒక్కొక్కరూ ఒక్కోటి తీసుకుని ఆ మగ్గులోని నీళ్లలో ఇరవైసార్లు ఆడించండి, రుద్దవద్దు. అయిందా? ఇప్పుడు ఇద్దరూ గ్లవ్స్ తీసి, కొసల మీద వేలితో రాసి చూడండి. తడిగుడ్డలో ఉన్నది నీ దగ్గర ఉంది, ఎలా ఉంది? నున్నగా, ఏమీ లేదు. నీది? మైకు దగ్గరగా చెప్పు నాయనా, వెనక వాళ్లకు వినపడాలి.

"గరుగ్గా ఉంది మేడమ్. కొస పళ్ల మధ్యలో పొర అలాగే ఉంది."

ఇంకో ఇరవైసార్లు ఆడించు. ... ఇంకా ఉందా? ఉంది. ఆ ట్రే అలాగే చేతిలో పట్టుకుని వరసల మధ్య తిప్పండి, అందరూ దగ్గర నుంచి చూడాలి.